రెండు కూరల ఇల్లు

నిన్న ప్రొద్దుటూరు బస్టాండులో ఒకాయన నా చేతిలో ఒక కరపత్రం పెట్టి పోయాడు. తెల్ల పంచె, తెల్ల తువ్వాలు, మొహంలో మాత్రం నాకున్నంత అలసట. పొద్దుటి నుంచీ పంచుతున్నట్టున్నాడు పాపం. తీసుకున్నవాళ్ళలో సగం మంది దానితో విసురుకుంటున్నారు, ఒకామె పిల్లాడికి బొరుగులు పొట్లం కట్టి ఇచ్చింది. జమ్మలమడుగు బస్సు ఎంతకీ రాలేదు కాబట్టి నేను చదివాను. మనిషి మాంసం ఎందుకు మానుకోవాలో అందులో వరసపెట్టి రాశారు. జీవకారుణ్యం అన్నారు. ఒంటికి మంచిదన్నారు, కోపం తగ్గుతుందన్నారు, పుణ్యం వస్తుందన్నారు. మన పండ్లు పులి పండ్లలా కాదు, ఆవు పండ్లలా ఉన్నాయన్నారు.

అంతా చదివి వెనక్కి తిప్పి చూశాను. వెనక ఏమీ లేదు. మా మామ కారణం అందులో రాయలేదు.

మామ అంటే మా ఆయన తండ్రి. ఆయన పేరు రాయను. రాయకూడదని కాదు, నాకు చేతకాదు. కోడలు మామ పేరు పలకకూడదని పెళ్ళినాడు మా అమ్మ చెప్పింది. ఆ మాట ఎంత గట్టిగా పట్టుకుందంటే, జనాభా లెక్కల వాళ్ళు వచ్చి అడిగితే పక్కింటామెను కేకేసి ఆమె చేత చెప్పించాను. ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు పలికితే అనేవాళ్ళు లేరు. అయినా నోరు తిరగదు.

మాది పులివెందుల. కర్నూలు రాజధాని అయిన ఏడాది నన్ను జమ్మలమడుగు పక్కన పెన్న ఒడ్డున ఉన్న పల్లెకు ఇచ్చారు. ఇంట్లో నలుగురమే: అత్త, మామ, వాళ్ళకు మిగిలిన ఒక్క కొడుకు, నేను. మామకు ఒక జత ఎద్దులు, ఒక బండి, కొంచెం జొన్న చేను. చేనులో పని లేనప్పుడు బండ గనుల నుంచి ఎర్రగుంట్ల స్టేషనుకు నాపరాళ్ళు తోలేవాడు. మా ఆయన బండి వద్దని లారీ ఎక్కాడు. ఇవాళ ప్రొద్దుటూరు, రేపు ఇంకెక్కడో. ఆయన లారీ మీద పోయిన ప్రతిసారీ అత్త గడప మీద కూర్చునేది. వచ్చేదాకా లేచేది కాదు. తల్లి ప్రాణం అనుకునేదాన్ని.

కాపురానికి వచ్చిన మొదటి ఆదివారమే నాకు సంగతి తెలిసింది. మామ పొద్దున్నే జమ్మలమడుగు పోయి మోదుగ ఆకులో పొట్టేలు తునకలు కట్టించుకొచ్చి నా ముందు పెట్టాడు. నేను మసాలా నూరి, కూర దించి, ఆయనకు సంగటి పెట్టి, పక్కన కూర పోయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకొద్దు మా. వాండ్లకు పెట్టు."

"మరి నీకేం పెట్టాల మామా?"

"ఉప్పూ పచ్చిమిరపకాయ ఉంటే సాలు."

ఎవరన్నా వింటే ఏమనుకుంటారు? కొత్త కోడలు వచ్చిన ఇంట్లో అందరూ పొట్టేలు కూర తింటుంటే మామ పచ్చిమిరపకాయ కొరుక్కుంటున్నాడంటే బావి దగ్గర నా మానం ఉంటుందా? గబగబా ఇంకో పొయ్యి ముట్టించి పప్పు వేశాను. అది మొదలు. ఆ రెండో పొయ్యి ఇప్పటికీ ఆరలేదు.

వంట కష్టమని నేనెప్పుడూ అనలేదు. రెండుసార్లు వండడం కష్టం. రెండు కుండలు, రెండు గంటెలు, రెండు మూతలు. ఇందులోది అందులో పెట్టకూడదు. ఎండాకాలం కంది కట్టెల పొగలో రెండు పొయ్యిల మధ్య కూర్చుంటే తల ప్రాణం తోకకొచ్చేది. ఆయన అడిగే మనిషయితే తిట్టుకోవచ్చు. అడగడు. ఏది పెట్టినా తింటాడు, ఏమీ పెట్టకపోయినా తింటాడు. అట్లాంటి మనిషిని ఏమని తిట్టుకోవాలి? అదే నా ఒళ్ళు మండించేది.

పోనీ, ఆయనకు మాంసమంటే రోత అనుకుందామా అంటే అదీ కాదు. మంచి తునకలు ఏరి తెచ్చేది ఆయనే. మేము తింటుంటే పక్కనే కూర్చుని, అడుగున మిగిలింది కూడా మా కంచాల్లోకి ఒంపేవాడు. "ఉప్పు సరిపోయిందా? ఇయ్యాలది లేత పొట్టేలు, బిన్నా ఉడికి ఉంటాది" అని నన్నే అడిగేవాడు. ఒక్క ముక్క నోట పెట్టని మనిషికి ఆ ఊసంతా ఎందుకో నాకు అంతుపట్టేది కాదు.

అత్త ఆయనకు సరిగ్గా ఎదురుగా కూర్చునేది. వారానికొకసారి నీసు లేకపోతే ఆమెకు ముద్ద దిగదు. మూలుగ ఎముక ఏరి ఆమె కంచంలో వేయాలి. దాన్ని నేలకేసి కొట్టి, చప్పుడయ్యేలా జుర్రి, మామ మొహంలోకి చూస్తూ నమిలేది.

"ఇంగో తునక ఏసుకో" అనేవాడు మామ.

"ఏసుకుంటా" అనేది, వేసుకునేది.

ఏం మనిషిరా ఈమె అనుకునేదాన్ని. మొగుడు పప్పు తింటుంటే ఎదురుగా కూర్చుని అంత చప్పుడు చేయాలా? కొంచెం పక్కకు తిరిగి తినొచ్చు కదా?

కారణం అడగనివాళ్ళు లేరు. జమ్మలమడుగులో మాంసం కొట్టు సాయిబు ఒకసారి నా ముందే అడిగాడు. "నువ్వు తినవు గదప్పా, మళ్ళ ఇంత బాగా ఏరుకుంటావేంది?"

"పండ్లు ఊగుతాండాయి సాయిబూ" అన్నాడు మామ, కందిబేడల్లాంటి గట్టి పండ్లు బయటపెట్టి నవ్వుతూ.

బడి పంతులుతో ఏకాదశి నాడు మానుకున్నానని, మళ్ళీ మొదలుపెట్టడం మర్చిపోయానని చెప్పాడు. గొర్రెలు కాసే ఆయన అడిగితే, నీ గొర్రెలు యాపాకు మేస్తాయి, నాకు చేదు తగుల్తాదని ఎగతాళి పట్టించాడు. మా నాయన పులివెందుల నుంచి కోడిపుంజును చంకలో పెట్టుకుని వచ్చినప్పుడు జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది.

"బావా, పొట్టేలు తినవంటే సరే. కోడి గూడా తినవా?"

"వైద్యుడు వద్దన్యాడు బావా."

"యా వైద్యుడు? యాడుంటాడు? నేను మాట్లాడతా."

"సచ్చిపోయినాడులే."

పుంజును మేము తిన్నాం.

ఇంకోసారి ఖద్దరు తొడుక్కున్న పెద్దమనిషి ఒకాయన మా ఊరి బడి దగ్గర మీటింగు పెట్టాడు. ఎవరో ఈయన సంగతి ఆయన చెవిన వేశారు. ఆయన పొంగిపోయి, అహింసను ఆచరించే రైతు ఈ పల్లెలో ఉన్నాడని చెప్పి, పూలదండ పట్టుకుని పిలిచాడు. మామ లేచి నిలబడ్డాడు. "అహింస గిహింస ఏం ల్యా సామీ. నాకు అజీర్తి" అని మళ్ళీ కూర్చున్నాడు. జనం నవ్వారు. దండ బల్ల మీదే ఉండిపోయింది. ఊరికే దొరికే మంచిపేరును వద్దనుకున్న మనిషిని అప్పుడే చూశాను.

ఎవరికి ఏ కారణం చెబితే నోరు మూసుకుంటారో వాళ్ళకు ఆ కారణం చెప్పేవాడు. నాకు మాత్రం ఏదీ చెప్పలేదు. అడిగే వరస కాదు నాది. అత్తను అడిగితే, "ఆయప్ప నాలిక, ఆయప్ప ఇష్టం. నీకేంటికి మే? వండు" అంది.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ఊరికే కూర్చున్నప్పుడు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పంచె అంచుకు రుద్దుకుంటూ ఉండేవాడు. నశ్యం అలవాటేమో అనుకున్నాను, కానీ ఆ ఇంట్లో నశ్యం డబ్బా లేదు. ఎద్దుల విషయంలోనూ అంతే. వాటి వీపు నిమిరేవాడు, గంగడోలు నిమిరేవాడు. చెయ్యి మాత్రం తల దాకా పోయేది కాదు. కొమ్ములకు రంగు పూయాల్సి వస్తే కొడుకును పిలిచేవాడు. పెద్దవాళ్ళకు ఏవో పిచ్చి అలవాట్లుంటాయి, నాకెందుకులే అనుకున్నాను. నాకు నా రెండు పొయ్యిలే సరిపోయేవి.

నా కొడుక్కు నడక వచ్చిన ఏడాది ఎండాకాలంలో వాడికి జ్వరం పట్టుకుంది. జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయాం, మందిచ్చారు. దిగినట్టే దిగి మళ్ళీ ఎక్కేది. వాడు కళ్ళు తెరవలేదు. మా ఆయన లారీ మీద ఎక్కడో ఉన్నాడు. అత్త వాడి కాళ్ళ దగ్గర కూర్చుని, "పెద్దమ్మకు పొట్టేలును మొక్కుకుందాం. సాకి జాతరకిద్దాం" అంది. నేను సరేనన్నాను. ఆ సమయంలో ఏనుగును మొక్కుకుందామన్నా సరేననేదాన్ని. మామ అప్పుడు గడపకు ఆనుకుని ఉన్నాడు.

కాసేపటికి నేను నీళ్ళకు పోయాను. ఎండాకాలం పెన్నలో నీళ్ళుండవు, ఇసుకలో చెలమ తవ్వుకుని చిప్పతో తోడుకోవాలి. సగం కుండ నిండేసరికి వెనక అడుగుల చప్పుడు వినిపించింది. చూస్తే మామ. మామ కోడలి వెనకాల ఏటికి రావడం నేనెక్కడా చూడలేదు. పిల్లాడికి ఏమో అయిందనుకుని నా చేతిలో చిప్ప జారిపోయింది.

"వానికేం కాల్యా. పండుకోనుండాడు" అన్నాడు. నాకు కొంచెం దూరంలో ఇసుకలో కూర్చున్నాడు. "నీకొకటి చెప్పాల మా. ఇంట్లో చెప్పేది కాదు."

నేను కుండ పక్కన పెట్టాను.

"మీ ఆయన అప్పుడు వీని ఈడు. ఇట్లనే జరం. మీ అత్త ఇట్లనే పెద్దమ్మకు పొట్టేలును మొక్కుకున్యాది. నేనొక పిల్లను తెచ్చి సాకితి. వాడు లేచి తిరగబట్టె, అది పెరగబట్టె. నేను బండి తోలుకోని వచ్చేపాటికి ఊరి బయటికి ఎదురొచ్చేది. చెవి ఎనక రోంత గోకితే తలకాయ మొదులుకోని తోకదాంక ఒళ్ళంతా ఇదిలించేది. మళ్ళ గోకమని తల ముందరికి పెట్టేది. అది దానికి ఆట. నాకూ ఆటే."

మా సీమలో మొక్కిన జీవాన్ని నేరుగా కోయరు. అమ్మవారి ముందు నిలబెట్టి, వీపు మీద పసుపు నీళ్ళు పోస్తారు. అది తనంతట తాను ఒళ్ళు విదిలించాలి. విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు, మొక్కు చెల్లినట్టు. విదిలించేదాకా ఎవరూ కత్తి ఎత్తరు. నీళ్ళు పోసేది ఇంటి పెద్ద.

"జాతర పొద్దు నీళ్ళు పోస్తి" అన్నాడు మామ. "ఇదిలించల్యా. మళ్ళ పోస్తి. కదల్యా. నిలబడుకోని నా మొగమే చూస్తాండె. పొద్దు నడినెత్తికొచ్చె. బంధువులంతా ఆకలి మీద ఉండారు. ఏందో లోపముండాది, అమ్మోరు ఒప్పుకోల్యా అని పూజారి అనె. మీ అత్త మొగం చూస్తి. వాణ్ణి సంకనేసుకోని నిలబడుకోనుండాది. మొగంలో నెత్తురు సుక్క ల్యా. అమ్మోరు ఒప్పుకోకుంటే కొడుకును తీసుకుంటాదని ఆయమ్మ భయం. నాకేం తోచల్యా. ఇంగోసారి నీళ్ళు పోస్తా పోస్తా, చెవి ఎనక ఏలు పెడితి."

ఆయన వేళ్ళు పంచెకు రుద్దుకుంటున్నాడు. నేను ఆ వేళ్ళ వైపే చూస్తున్నాను.

"ఇదిలించిందా మామా?"

"ఇదిలించక ఏం చేస్తాది? ఆడుకుందాం రమ్మని పిలిచినాననుకున్యాది. అమ్మోరు ఒప్పుకున్యాదని ఊరంతా కేకలు పెట్టిరి. అది మాత్రం మళ్ళ గోకమని తల ముందరికి పెట్టె."

ఏట్లో గాలి కూడా లేదు.

"అది అమ్మోరికి ఒప్పుకోల్యా మా. నాకు ఒప్పుకున్యాది. ఆ పొద్దు తలకాయ తెచ్చి నా ఆకులో పెట్టిరి, మొక్కినోనిది గదా తలకాయ. చెవి కనపడె. కడుపులో నొప్పి అని లేస్తి. అది మొదటి అబద్ధం. మళ్ళ ఎవురడిగినా ఒకటి చెప్తానే ఉండా."

నాకు జాలి రావాలి. ముందు వచ్చింది మాత్రం విసుగు. ఇంట్లో బిడ్డ కళ్ళు తెరవక పడుకుని ఉంటే ఎప్పటిదో పొట్టేలు మాట ఏమిటి అనిపించింది. "పొట్టేలే గదా మామా" అన్నాను. "మా ఆయన బాగనే ఉండాడు గదా. అమ్మోరు ఏమనల్యా గదా."

"ఏమనల్యా. అమ్మోరికీ నాకూ తగువేం ల్యా. పొట్టేలు గూడా ఏమనల్యా" అన్నాడు. "తినకుంటే అది తిరిగొస్తాదా అని నేనే అనుకుంటా ఉంటా. రాదు. అయినా దిగదు మా."

తర్వాత అసలు మాట చెప్పాడు. "వీనికి పొట్టేలంటే మళ్ళ నీళ్ళు పోసేది నేనే. అది ఇదిలించకుండా నిలబడితే నేనేం చేస్తానో నాకే తెల్దు. మనవడు గదా. మళ్ళ చెయ్యి పోతాదేమో. అందుకనే నీకు చెప్తాండా. పొట్టేలు వద్దని నేనంటా. నువ్వు అడ్డం పడొద్దు. మీ అత్తకు మాత్రం ఇది తెలియగూడదు. మొక్కు చెల్లల్యా అని తెలిస్తే ఆయమ్మ బతకదు. వాడు గడప దాటి పోయినప్పుడల్లా అమ్మోరు తీసుకోని పోతాదని చూస్తానే ఉంటాది. ఇన్నేండ్లు అందుకే నోరు మెదపల్యా."

లేచి, కుండ ఎత్తి నా తలకు అందించి, వెనక్కి చూడకుండా పోయాడు.

నేను ఇంటికి పోయేసరికి అత్తకు చెబుతున్నాడు. "ఈ యేడు గొర్రెల్లో రోగముండాదంట. రోగపుదాన్ని అమ్మోరికిస్తామా? బెల్లం పొంగలి పెడదాంలే." అత్త ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అన్నదాని మీద అరపూట వాదించే మనిషి. అమ్మవారి మొక్కు మారుస్తానంటే ఊరుకుంటుందా, ఇల్లు పీకి పందిరి వేస్తుంది అనుకుని గుండె చిక్కబట్టుకుని నిలబడ్డాను. అత్త ఆయన చేతి వైపు ఒకసారి చూసి, "సరే. పొంగలే పెడదాం" అంది. అంతే. పిల్లాడికి మెల్లగా నయమైంది. పొంగలి పెట్టాం.

ఆ తర్వాత రెండో పొయ్యి మీద నాకు విసుగు పోయిందని చెబితే అబద్ధం. పొగ పొగే కదా, ఎందుకు పోతుంది? కానీ ఆయన పప్పులో తాలింపు నూనె కొంచెం ఎక్కువ పోయసాగాను. ఆయన అది గమనించాడో లేదో తెలియదు. నా దగ్గర ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. తండ్రిని ఆటపట్టిస్తూ, "నాయనా, ఒక్క తునక తిను, పండ్లు గట్టిపడతాయి" అని మా ఆయన నవ్వితే నేను లేచి లోపలికి పోయేదాన్ని.

ఒక చలికాలం మామ ప్రొద్దుటూరుకు పత్తి తోలి వచ్చి, ఎద్దులను కట్టేసి, నీళ్ళు అడిగి తాగి మంచం మీద వాలాడు. సంగటికి లేపుదామని పోతే లేవలేదు.

దివసం నాడు మా ఆయన పొట్టేళ్ళు కోయించాడు. ఊరికి భోజనం పెట్టాలి కదా, పెట్టకపోతే మాట వస్తుంది. పొద్దుటి నుంచి నా నడుము విరిగిపోయింది. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ ఒక ఆకులో వడ్డించి మిద్దె మీద పెట్టాలి, కాకి వచ్చి ముట్టాలి. నేను ఆకులో సంగటి, పప్పు, పుంటికూర పెట్టాను. మా ఆయన గంటె నిండా పొట్టేలు కూర తీసుకుని వచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు.

"నాయన ఇన్నేండ్లు నోరు కట్టుకున్యాడు. ఏ మొక్కుందో ఏమో. ఇప్పుడన్నా తిననీ" అన్నాడు.

"ఆగు" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

"ఏంటికి?"

ఏమని చెప్పను? చుట్టూ బంధువులు, గోడ పక్కన అత్త. చెబితే ఆయన ఇన్నేళ్ళు దేన్ని దాచాడో అది ఆయన దివసం నాడే బయటపడుతుంది. అత్త మిగిలిన బతుకంతా కొడుకు ప్రాణం కోసం వణుకుతూ గడుపుతుంది. చెప్పకపోతే ఆ కూర ఆయన ఆకులో పడుతుంది. కొడుకు పెడుతున్నది ప్రేమతో. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. గంటె ఆకు మీదికి వంగింది.

"ఆ గంటె ఈడ పెట్టు నాయనా." అత్త గోడ దగ్గర నుంచే అంది. "మీ నాయన ఆకులో వద్దు."

"ఏంటికిమా?"

"వద్దంటే వద్దు."

దుఃఖంలో ఉన్న మనిషి కదా అని మా ఆయన గంటె వెనక్కి తీసుకున్నాడు. ఆకు మిద్దె మీద పెట్టారు. కాకి వచ్చింది, తిన్నది, పోయింది.

మధ్యాహ్నానికి జనం పలచబడ్డాక అత్తకు కంచంలో అన్నం, కూర, ఏరి పెట్టిన మూలుగ ఎముక తీసుకుపోయాను. ఆమె కంచాన్ని మెల్లగా నా వైపు జరిపింది.

"నాకింగ వద్దు మే."

"రోంత తినత్తా. పొద్దున్నుంచి ఏం తినల్యా."

"ఏటికాడ నీకు చెప్పినాడు గదా మీ మామ?"

నేను కంచం పక్కన కూర్చున్నాను.

"ఆ పొద్దు ఊరంతా పొట్టేలు మొగం చూస్తాండ్రి" అంది అత్త. "నేను ఆయప్ప చెయ్యి చూస్తాంటి. పక్కనే ఉంటి గదా, వాణ్ణి ఎత్తుకోని. ఏలు చెవి ఎనకకు పోయింది చూస్తి."

"తెలిసీ ఏంటికి చెప్పల్యా అత్తా?"

"నేను భయపడతానని దాపెట్టినాడు. దాపెట్టినానని రోంత నెమ్మదిగా ఉండె. నాకు తెలుసంటే అది గూడా పోదా?"

"మరి భయం?"

"ఎందుకుండదు? వాడు లారీ ఎక్కిన ప్రతిసారీ ప్రాణం గుప్పిట్లో పెట్టుకోని కూసుంటి."

గడప గుర్తొచ్చింది నాకు. కూర్చుని కూర్చుని ఆ గడప మీద ఆమె కూర్చునే చోట నున్నగా అరిగిపోయింది. ఆమె భయపడకూడదని ఆయన అంతకాలం ఊరందరికీ అబద్ధాలు చెప్పాడు. ఆమె అక్కడ కూర్చుని ఒక్కతే భయపడింది. ఒకే కప్పు కింద, ఒకరికొకరు ఎదురుగా.

"మరి ఆయప్ప ముందర కూసోని అంత ఇష్టంగా తింటివే" అన్నాను. ఆ మాట అడిగేసరికి నాకు ఏడుపొచ్చింది.

"నేను గూడా మానుకుంటే నాకు తెలుసని తెలిసిపోదా మే? తింటి. ఆయప్పకు వినపడేటట్ల తింటి." కంచంలోని ఎముక వైపు చూసింది. "రుచి నాకేం తెల్దు. ఎప్పుడూ తెల్దు."

తర్వాతి ఆదివారం నేను రెండో పొయ్యి మానేసి ఒక్కటే ముట్టించాను. చెయ్యి కట్టె కోసం పక్కకు పోయి ఆగింది. ఆనాడు అత్త చారు పోసుకుని తింటుంటే పక్కింటామె చూసి, "ఏందత్తా, మూలుగ ఎమిక లేకుంటే ముద్ద దిగదంటివే. తినవేంది?" అంది.

"పండ్లు ఊగుతాండాయి" అంది అత్త. ఆమె పండ్లు ఇప్పటికీ చెరుకు గడ కొరికే పండ్లు. పక్కింటామె పోయాక నేను లేచి రెండో పొయ్యిలో కట్టెలు పెట్టాను.

నిన్న బస్సు దిగి ఇంటికొచ్చేసరికి మా ఆయన పొట్టేలు తునకలు తెచ్చిపెట్టి ఉన్నాడు. నేను సంచి దించుతుంటే కరపత్రం కింద పడింది. అత్త తీసి తిప్పి చూసింది. ఆమెకు చదువు రాదు.

"ఏంది మే ఇది?"

"మనుషులు మాంసం ఏంటికి మానుకోవాలో రాసినారత్తా. శానా కారణాలు రాసినారు."

"మీ మామది ఉండాదా?"

"లేదత్తా."

"ఉండదులే" అంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, రెండో పొయ్యిలో కట్టెల కిందికి తోసి, అగ్గిపుల్ల గీసింది.